గాయో పుట్టువెంట్రుకలు

గాయోకి మూడో ఏడు దాటినా జుట్టు తీయలేదు. భుజాల మీద పడుతోంది. వాగు ఒడ్డున ఆడుకుంటుంటే దారిన పోయే కొత్తవాళ్ళు ఆగి, "ఎవరీ పిల్ల, ఎంత ముద్దుగా ఉందో" అనేవారు. వాడికి రోషం ముంచుకొచ్చి లాగు కిందికి లాగి రుజువు చూపించేవాడు. నానమ్మ స్తోయంకా ఆ రుజువుకి అలవాటు పడిపోయింది. "ఎక్కించుకోరా, చలేస్తుంది" అని ఊరుకునేది.

తాత ఒబ్రెన్‌కి మాత్రం ఆ జుట్టు కంటపడినప్పుడల్లా మనసులో ముల్లు కదిలినట్టుండేది. కిందటి శరత్కాలంలో ప్లమ్ పళ్ళు దించిన రోజుల్లోనే కత్తెర పడాల్సిన తల అది.

బుకోవిక్ ఊళ్ళో పుట్టువెంట్రుకలు తీయడం మంగలి చేసే పని కాదు. వాగుకి ఇవతల ఒబ్రెన్ వాళ్ళవి చర్చి ఇళ్ళు, అవతల అతని నేస్తం షాచిర్ వాళ్ళవి మసీదు ఇళ్ళు. బాప్తిస్మంలో పిల్లాడి తరఫున సొంత మతం మనిషే నిలబడాలి, అందులో మారు మాట లేదు. వెంట్రుకలకి ఆ పట్టింపు లేదు. అందుకే పెద్దలు వాటిని పొరుగు మతం వాడి చేతికి వదిలారు. పిల్లాడి తలకి ఎవడు కత్తెర పెడితే వాడు ఆ ఇంటికి కూమ్. ఆ పూట నుంచి రెండిళ్ళూ ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకుంటాయి. కూమ్‌ని కోర్టుకీడ్చేవాడు ఉండడు. కూమ్ మీద చెయ్యెత్తినవాడి ఇంట ఎవరూ మంచినీళ్ళు కూడా తాగరు. ఒబ్రెన్ తలకి కత్తెర పెట్టింది షాచిర్ తండ్రి. షాచిర్ కొడుకు నియాజ్ తలకి పెట్టింది ఒబ్రెన్.

గాయో పుట్టిన రోజు జోరున వాన. షాచిర్ తడుస్తూ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మగపిల్లాడటగా. ఎవరికీ మాటివ్వకు."

"నీకు కాక ఇంకెవరికిస్తానురా. లోపలికి రా, ఇల్లంతా తడుపుతున్నావు."

మాట అక్కడితో అయిపోయింది. ఆ మాట ఇంకా బాకీగానే ఉంది.

ఒబ్రెన్ కొడుకు రాయ్కో కలప మిల్లులో లారీ నడుపుతాడు. మొదట "పని తెమలడం లేదు, తర్వాత చూద్దాం నాన్నా" అన్నాడు. తర్వాత "రోజులు బాగా లేవు" అన్నాడు. ఆ పైన జుట్టు మాటెత్తితే లేచి బయటికి పోవడం మొదలుపెట్టాడు. వాడి లారీలో పాటలు మారిపోయాయి. వెనకటికి అమ్మాయిల మీద పాటలు పెట్టుకునేవాడు, ఇప్పుడన్నీ చచ్చిపోయిన వీరుల మీదే. టోపీకి ఒక బిళ్ళ వచ్చి చేరింది. మిల్లులో వాడూ నియాజూ ఒకే రొట్టె విరుచుకు తినేవాళ్ళు. ఇప్పుడు బల్లలు వేరయ్యాయి. ఊళ్ళో ఒక్క కాఫీ కొట్టుండేది, దాని ఎదురుగా రెండోది వెలిసింది. కాఫీ రెండు చోట్లా ఒకే తీరుగా చేదుగా ఉంటుంది.

ఇది ఎక్కడ మొదలైందో ఒబ్రెన్‌కి గుర్తే. ఆ మధ్య కొండ మీది గోతిలోంచి పాత యుద్ధం నాటి ఎముకలు తీశారు. వాటిలో ఒబ్రెన్ చిన్నాన్నవీ ఉన్నాయి. కడిగి, పెట్టెల్లో సర్ది, పైన జెండాలు కప్పారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు మైకు పట్టుకుని మాట్లాడారు. అబద్ధమెందుకు, ఒబ్రెన్ ఏడ్చాడు. అంతమంది గొంతులు కలిపి పాడుతుంటే తన ఛాతీ కూడా పొంగింది. ఎవరో తనని భుజాలకెత్తుకున్నట్టు, ఊరి కప్పులన్నీ కిందెక్కడో ఉన్నట్టు అనిపించింది. ఇంటికి నడిచొచ్చేటప్పుడు కాళ్ళు నేల మీద పడ్డాక ఆలోచన వచ్చింది. చిన్నాన్నని ఏ మతం వాళ్ళు చంపారో మైకులో చెప్పారు. చిన్నాన్న పోయిన ఆ వారంలోనే, కడుపుతో ఉన్న తన తల్లిని గడ్డివాములో దాచి రొట్టె మోసిన మనిషి ఏ మతం వాడో చెప్పలేదు. ఆ మనిషి షాచిర్ తండ్రి. ఆ సంగతి చెబితే పాట మధ్యలో తెగిపోతుంది మరి.

ఆ మాట షాచిర్‌తో అంటే, షాచిర్ నవ్వలేదు.

"మా మసీదు మీద కొత్త జెండా కట్టిన రోజు నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా. గుడ్డముక్కే కదా. అయినా ఒళ్ళు పులకరించింది."

"నాకూ అంతే, ఎముకల రోజు."

"ఇద్దరం పులకరించుకుంటూ కూర్చుంటే గొర్రెల్ని ఎవడు తోలతాడు?"

ఆ మార్చి మొదట్లో దేశం విడిపోవాలా వద్దా అని ఓట్లు పెట్టారు. అవతలి ఒడ్డు వాళ్ళు వేశారు, ఇవతలి వాళ్ళు వెయ్యలేదు. ఆ వారంలోనే వాగు మీది వంతెనకి ఆ చివర దుంగలు అడ్డం పడ్డాయి, ఈ చివరా పడ్డాయి. రెండు చివరలా వేటతుపాకులతో కాపలా. ఎందుకురా అంటే ఇటువాళ్ళు "వాళ్ళు పెట్టారు కాబట్టి" అంటారు, అటువాళ్ళూ అదే అంటారు. ముందు ఎవరు పెట్టారో తేల్చలేం. రెండు వైపుల దుంగలూ ఒకే మిల్లువి, ఒకే రంపం కోసినవి.

ఆ తర్వాత ఒక గురువారం ఇంట్లో అందరూ చిక్కుడు గింజల చారు తాగుతున్నారు. ఈస్టర్ ముందటి పెద్ద ఉపవాసం కాబట్టి అందులో కొవ్వు చుక్క లేదు. రాయ్కో గిన్నెలోంచి తలెత్తకుండా అన్నాడు:

"ఆదివారం పట్నం నుంచి మా పార్టీ కార్యదర్శిగారు వస్తున్నారు. గాయో జుట్టు ఆయన తీస్తారు."

ఒబ్రెన్ చెంచా ఆగింది. "ఆయన గాయోకి ఏమవుతాడు?"

"మనవాడు."

"ఆయన ఇల్లెక్కడో చూశావా? వాళ్ళ అమ్మ పేరేంటి?"

"అవన్నీ నాకెందుకు నాన్నా. మనవాడు, అంతే."

"షాచిర్‌కి మాటిచ్చాను."

"నువ్విచ్చావు. పిల్లాడు నా పిల్లాడు. రేపు ఏదన్నా అయితే మనల్ని కాపాడేది మనవాళ్ళే."

"ఏదన్నా అంటే ఏమవుతుందిరా?"

"వాళ్ళు మొదలుపెడితే."

"ఎవరు, నియాజా? నీతో కలిసి నా చెట్టు కొమ్మ విరగ్గొట్టి, నీకంటే ముందు పారిపోయినవాడా?"

"నియాజ్ గురించి కాదు నాన్నా నేననేది. వాళ్ళ గురించి."

"నియాజ్ కాకుండా వాళ్ళెవర్రా ఆ ఒడ్డున?"

రాయ్కో చారు సగంలో వదిలి, టోపీ తీసుకుని వంతెన కాపలాకి వెళ్ళిపోయాడు.

ఒబ్రెన్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. ఆదివారం ఆ ముక్కూ మొహం తెలియని మనిషి కత్తెర పడితే షాచిర్ ఇంటితో తాడు తెగినట్టే. మామూలు రోజుల్లో తెగితే మళ్ళీ ముడేసుకోవచ్చు. ఈ రోజుల్లో తెగితే ఏమిటి పరిస్థితి? రాయ్కో, నియాజ్ వంతెనకి చెరో చివర తుపాకీ పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరి మధ్యా ఆ పసివాడి జుట్టు తప్ప ఒబ్రెన్‌కి వేరే గోడ కనిపించలేదు.

కోడలు జోర్కా గిన్నెలు తీస్తూ, గోడతో చెబుతున్నట్టు అంది:

"శనివారం సాయంత్రం కూడా మా ఆయనది కాపలానే. చీకటి పడితేగాని రాడు."

"అయితే?"

"అయితే ఏముంది మామయ్యా. ఈ జుట్టు దువ్వలేక నా చేతులు పడిపోతున్నాయి. పేలు కూడా ఉన్నాయి. ఆదివారం అంత పెద్దమనిషి పేలు చూస్తే మన పరువేం కాను?"

ఆమె మొహంలో నవ్వు లేదు. గాయో అడ్డం తిరిగిన రాత్రి జోరువానలో నడిచొచ్చి పురుడు పోసింది షాచిర్ భార్య హస్నియా. ఆ విషయం ఆమె ఎత్తలేదు, ఒబ్రెన్ ఎత్తలేదు.

మర్నాడు ఒబ్రెన్ వంతెన జోలికి పోకుండా, పైన రాళ్ళ మీదుగా వాగు దాటాడు. షాచిర్ కొట్టంలో ఈనిన గొర్రె కింద గడ్డి మారుస్తున్నాడు.

"రేపు సాయంత్రం రా. కత్తెర తెచ్చుకో."

షాచిర్ నడుం నిటారు చేశాడు. "రాయ్కో ఒప్పుకున్నాడా?"

"వాడు ఇంట్లో ఉండడు."

"దొంగతనంగానా? కూమ్ అనేవాడు ముందు గుమ్మంలోంచి వస్తాడురా, దొడ్డిదారిన కాదు."

"ముందు గుమ్మంలోంచే రా. నా గొర్రె కష్టపడుతోంది, చూడ్డానికొచ్చాననుకో. అక్కడ ఒక తల కనబడింది, చేతిలో కత్తెర ఉంది, ఏం చేస్తాం."

"నీ గొర్రె రేపు ఈనుతుందా?"

"రేపటిదాకా ఆగమని చెబుతాను."

షాచిర్ మీసాల కింద నవ్వు దాచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ పట్టింపు పట్టుకుంది. "మరి విందో? గొర్రెపిల్లని కాల్చకుండా పుట్టువెంట్రుకలేంటి?"

"మాకు పెద్ద ఉపవాసం. మాంసం ముట్టం."

"మాకు రంజాన్. పొద్దుంటే ఏదీ ముట్టం."

"అయితే గొర్రెపిల్ల బతికింది పో."

"ఈ ఏడు మన రెండు మతాలూ కలిసి కాపాడింది ఆ ఒక్క ప్రాణినేరా" అన్నాడు షాచిర్.

శనివారం పొద్దు కొండ మీదికి వాలుతుండగా షాచిర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెనకే హస్నియా, గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని. ఉప్పేసిన బంగాళాదుంప పెట్టి చుట్టిన రొట్టె, నూనెతో చేసింది. "వెన్న వెయ్యలేదు వదినా, మీకు పనికిరాదని" అని స్తోయంకా చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి బుగ్గలొకరు ముద్దాడి, ఎందుకో కాసేపు వదలలేదు.

గాయోని పొయ్యి దగ్గర తాత ఒళ్ళో కూర్చోబెట్టి మెడ చుట్టూ తువ్వాలు కట్టారు. షాచిర్ మూట విప్పి కత్తెర తీశాడు. గాయో మొహం మాడ్చుకున్నాడు.

"ఇది వద్దు. గొర్రెలది కావాలి."

"గొర్రెల కత్తెర గొర్రెలకి."

"నేను పొట్టేల్ని."

"పొట్టేలైతే గోల చెయ్యకుండా కూర్చుంటుంది. కదిలితే మేక అంటారు."

వాడు మేక కావడం ఇష్టంలేక బిగుసుకుపోయాడు. షాచిర్ చేతులు కడుక్కుని, దేవుడి పేరు తనలో తాను అనుకున్నాడు. స్తోయంకా ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది. మొదటి కుచ్చు కుడి చెవి మీదిది. జోర్కా పట్టిన గిన్నెలో మెత్తగా పడింది. షాచిర్ జేబులోంచి వెండి నాణెం తీసి పిల్లాడి పిడికిట్లో పెట్టాడు.

"ఇప్పుడు నేనెవర్ని?"

"షాచిర్ తాతవి."

"కాదు. కూమ్‌ని."

"కూమ్ తాతవి" అని తేల్చాడు గాయో.

షాచిర్ మొహం పక్కకి తిప్పుకుని కత్తిరిస్తూనే పోయాడు. కుడి సగం అయ్యేసరికి బుగ్గల మీంచి నీళ్ళు గడ్డం దాకా దిగాయి. ఒబ్రెన్ ఆ నీళ్ళు చూశాడు. ఇన్ని నెలల బరువు ఒక్కసారిగా జారిపోయినట్టయింది. పిల్లాణ్ణి జోర్కా ఒళ్ళోకి మార్చి లేచాడు. తర్వాత ఏం చేశాడో తనకే తెలీదు. తండ్రి చేసిందే చేశాడు, నియాజ్ పుట్టువెంట్రుకల రోజు తను చేసిందే చేశాడు. కూమ్ దొరికిన రోజు బుకోవిక్‌లో ఏ మగవాడైనా చేసేదే చేశాడు. గోడ మీది వేటతుపాకీ అందుకుని, వాకిట్లోకి వెళ్ళి, ఆకాశంలోకి పేల్చాడు.

మోత కొండకి తగిలి తిరిగొచ్చింది.

"శుభం!" అన్నాడు లోపల్నుంచి షాచిర్, అలవాటు కొద్దీ.

ఆ మాట పూర్తయ్యేలోపు వంతెన ఈ చివర నుంచి ఒక తుపాకీ పేలింది. వెంటనే ఆ చివర నుంచి ఒకటి. మరుక్షణం కొండ మీది కాపలా, మసీదు వెనక కాపలా, ఎవరెక్కడో తెలియనంతగా లోయంతా పేలాలు వేగినట్టు మోగింది. కుక్కలు గొంతు చించుకున్నాయి. కొట్టంలో గొర్రెలు ఒకదాని మీదొకటి పడ్డాయి.

"ఏం చేశావయ్యా!" అని అరిచింది స్తోయంకా.

ఒబ్రెన్ చేతిలో తుపాకీ ఇంకా వెచ్చగా ఉంది. మొదటి గుండు పట్నం నుంచి వస్తుందనీ, టోపీకి బిళ్ళ పెట్టుకున్నవాడెవడో పేలుస్తాడనీ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది తన వాకిట్లోంచి, తన సంతోషంలోంచి వచ్చింది. పోయినేడు ఇదే మోత వింటే రెండు ఒడ్డుల వాళ్ళూ ఎవరింట్లో శుభకార్యమో అని సీసాలు పట్టుకుని వచ్చేవారు. మోతలో మార్పేం లేదు. చెవులు మారాయి.

తుపాకీ గుమ్మంలో పడేసి వంతెన వైపు పరుగందుకున్నాడు. షాచిర్ గాయో మెడలోని తువ్వాలు లాక్కుని వాకిట్లోకొచ్చాడు. "లోపల పొయ్యి వెనకాల కూర్చోండి, కదలొద్దు" అని ఆడవాళ్ళ మీద అరిచి ఒబ్రెన్ వెంటపడ్డాడు. ఇద్దరూ వాలు మీద పడుతూ లేస్తూ పరిగెత్తారు. షాచిర్ తువ్వాలు ఊపుతున్నాడు. ఒబ్రెన్‌కి ఏం కేకెయ్యాలో తోచలేదు. నోటికొచ్చింది అరిచాడు.

"పుట్టువెంట్రుకలురా! పుట్టువెంట్రుకలు తీశాం! ఆపండ్రా, మీ తల్లులు ఏడవ!"

ఆ కేక ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు, ఏ ఒడ్డునా. ముందు ఇవతల ఆగింది. ఆ తర్వాత అవతల. చివరికి మసీదు వెనక ఒక గుండు ఒంటరిగా పేలి, అదీ ఊరుకుంది.

ఇద్దరూ దుంగలెక్కి వంతెన మధ్యకి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతూ నిలబడ్డారు. ఇటు నుంచి రాయ్కో వచ్చాడు, తుపాకీ కిందికి దించి. అటు నుంచి నియాజ్ వచ్చాడు.

"పెదనాన్నా, దెబ్బలేం తగల్లేదు కదా?" అన్నాడు నియాజ్.

"లేదురా."

రాయ్కో, నియాజ్ ఒకరినొకరు చూసుకున్నారు. ఎన్నో వారాలైంది వాళ్ళు అంత దగ్గరగా నిలబడి.

"నేను పైకే కాల్చాను" అన్నాడు రాయ్కో.

"నేనూ పైకే."

"మరి నా పక్క రాయి పగలగొట్టిందెవర్రా?"

నియాజ్ వెనక్కి చూశాడు. తమ దుంగల వెనక ఉన్నవాళ్ళలో ఎవరూ పలకలేదు. రాయ్కో వెనకా ఎవరూ పలకలేదు. ఇవతలి దుంగల దగ్గర పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఒకతను, "ఏంటి ఆ ముచ్చట్లు, వెనక్కి రా" అని రాయ్కోని కేకేశాడు.

రాయ్కో కదల్లేదు. తండ్రి వైపు తిరిగాడు. "ఎవరు తీశారు జుట్టు?"

ఒబ్రెన్ నోరు తెరిచేలోపు షాచిర్ ముందుకొచ్చాడు.

"నేను. నిన్ను అడక్కుండా వచ్చాను, అది తప్పే. కానీ సగమే తీశాను నాయనా. తక్కిన సగం ఇంకా పిల్లాడి తల మీదే ఉంది. వద్దంటే కత్తెర అక్కడే వదిలేసి, హస్నియాని తీసుకుని పోతాను. రేపు మీ పెద్దమనిషి పూర్తి చేస్తాడు. నీ ఇల్లు, నీ మాట."

వంతెన కింద మంచు కరిగిన నీళ్ళు మోత పెడుతున్నాయి. రాయ్కో తువ్వాలు కేసి చూశాడు. దానికి గాయో వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"సగం తలతో కూర్చున్నాడా?"

"బొచ్చు తీస్తుంటే తప్పించుకుపోయిన పొట్టేల్లా ఉన్నాడు" అన్నాడు ఒబ్రెన్.

రాయ్కో పెదవి ఒక మూల వణికింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"రేపు ఆయనకి నేనేం చెప్పాలి?"

"పేలున్నాయని చెప్పు. జోర్కానడుగు, ఉన్నాయి."

పట్నం మనిషి మళ్ళీ కేకేశాడు. రాయ్కో భుజం మీద తుపాకీ సర్దుకున్నాడు. షాచిర్‌కి మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు:

"చీకటి పడకుండా పూర్తి చేసెయ్ కూమ్. పిల్లాడికి జలుబు చేస్తుంది."

"నువ్వు రావట్రా?" అన్నాడు ఒబ్రెన్. "తండ్రివి, పక్కన ఉండాలి."

"కాపలా అయ్యాక వస్తాను" అని దుంగల వైపు వెళ్ళిపోయాడు. నియాజ్ కూడా వాళ్ళ నాన్న భుజం తట్టి, తన చివరికి తను వెళ్ళాడు.

ముసలివాళ్ళిద్దరూ మెల్లగా ఎగువకి నడిచారు. మసీదు మీద దీపం వెలిగింది, ఉపవాసం విడిచే వేళ. ఒబ్రెన్ జేబులో ఎండు ప్లమ్ పళ్ళుంటే ఒకటి తీసి షాచిర్ చేతిలో పెట్టాడు. షాచిర్ అది నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"విన్నావా, ఏమన్నాడో?"

"నీ చెవిలో అన్నాడు. నాకేం వినబడుతుంది?"

"కూమ్ అన్నాడురా."

"అంటాడు. ఎవడి కొడుకనుకున్నావు."

వెనక వంతెన మీద బరువుగా ఏదో ఈడుస్తున్న చప్పుడు వినబడింది. దుంగలు తీసేస్తున్నారనుకుని ఒబ్రెన్ ఆశగా తిరిగి చూశాడు. మసక వెలుతురులో ఇటువైపు వాళ్ళు ఇంకో దుంగ తెచ్చి వేస్తున్నారు. అటువైపు వాళ్ళూ వేస్తున్నారు.

షాచిర్ గింజ ఉమ్మేసి, ఒబ్రెన్ చెయ్యి పట్టుకుని లాగాడు.

"చూడకురా. నడువు. పిల్లాడు సగం తలతో ఎదురుచూస్తుంటాడు."